హెల్మెట్ వెనక బాండ్

'స్టార్ వార్స్: ద ఫోర్స్ అవేకెన్స్'లో రే అనే అమ్మాయి శత్రువుల చేతికి చిక్కుతుంది. బేడీలు వేసి కుర్చీకి బిగించేస్తారు. గదిలో తెల్ల కవచం తొడుక్కున్న స్టార్మ్‌ట్రూపర్ ఒకడు కాపలా ఉంటాడు. అంతకు కాసేపటి ముందే, తన మనసులోకి చొరబడబోయిన ప్రతినాయకుడు కైలో రెన్‌ను ఆమె వెనక్కి నెట్టేసింది. తనలో ఏదో శక్తి ఉందని అప్పుడప్పుడే తెలిసివస్తోంది. దాన్ని ఈ కాపలావాడి మీద పరీక్షించి చూస్తుంది. బేడీలు విప్పి, తలుపు తెరిచి ఉంచి వెళ్లిపొమ్మంటుంది. పారదు. వాడు ఆమెను తిట్టి, బేడీలు ఇంకా బిగిస్తానంటాడు. ఊపిరి కూడదీసుకుని మళ్లీ చెబుతుంది. ఈసారి వాడు ఆ మాటల్నే పాఠం అప్పజెప్పినట్టు పలికి, బేడీలు విప్పి, తలుపు వైపు నడుస్తాడు. తుపాకీ కూడా వదిలేసి పొమ్మని వెనకనుంచి ఆమె అంటుంది. వదిలేస్తానని పలుకుతూనే దాన్ని కింద పడేసి పోతాడు. హాలంతా నవ్వులు.

ఆ కాపలావాడు డేనియల్ క్రెయిగ్. 2015 డిసెంబరులో ఈ సినిమా వచ్చేనాటికి జేమ్స్ బాండ్ ఆయనే. 'స్పెక్టర్' కొన్ని వారాల ముందే విడుదలైంది. లండన్ శివార్లలోని పైన్‌వుడ్ స్టూడియో రెండు సినిమాలకూ ఉమ్మడి చిరునామా. ఒక ఫ్లోరు నుంచి ఇంకో ఫ్లోరుకి నడిచి వెళ్లి సరదాగా చేసొచ్చిన పని అది. ముఖం క్షణమైనా కనపడదు. గొంతు హెల్మెట్‌లోంచి వడపోసినట్టు వస్తుంది. టైటిల్స్‌లో పేరు లేదు. ఇదే సినిమాలో రబ్బరు ముఖం తగిలించుకుని తుక్కు వ్యాపారిగా నటించిన సైమన్ పెగ్ విడుదలకు ముందే ఈ గుట్టు విప్పేశాడు. క్రెయిగ్ మాత్రం తనకంత ఖర్మేం పట్టిందన్న ధోరణిలో కొట్టిపారేశాడు. సినిమా వచ్చాక నిజం ఖాయమైంది. యూనిట్లో ఆ సైనికుడికి పెట్టుకున్న ముద్దుపేరు జేబీ-007.

సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లలో ఇలాంటి ఆకస్మిక అతిథులకు కొదవలేదు. దశాబ్దాలుగా వస్తూనే ఉన్నారు, ఈ మధ్య మరీ ఎక్కువగా వస్తున్నారు. వాళ్లను ఎలా తూచాలి? ఈల ఎంత గట్టిగా పడిందన్నది లెక్కలోకి రాదు; ఫస్ట్ డే ఫస్ట్ షోలో ఈల దేనికైనా పడుతుంది. ఆశ్చర్యం ఒక్క ఆటకే. రెండోసారి చూసేటప్పుడు వచ్చేదెవరో తెలిసిపోయి ఉంటుంది. అప్పుడు ఆ సన్నివేశంలో ఇంకేం మిగిలిందన్నదే నాకు ముఖ్యం. క్రెయిగ్ సన్నివేశం ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. అతనెవరో తెలియకపోయినా అది రే కథలో మలుపే, హాస్యమూ పండుతుంది. తెలిశాక చూస్తే ఇంకో పొర కనబడుతుంది: తెర మీద ఎవరి మాటా వినని బాండ్ ఇక్కడ ఒక కుర్రపిల్ల చెప్పిన మాట చెప్పినట్టు వింటున్నాడు. డైసీ రిడ్లీకి ఇది మొదటి పెద్ద సినిమా. ఆమె ముందు అంత పెద్ద నటుడు ముఖమే లేని నౌకరుగా నిలబడటం ఆ సన్నివేశానికి సరిగ్గా అతికింది.

హెల్మెట్ వెనక దాక్కోవడం ఆ తర్వాత ఒక ముచ్చటగా మారింది. 2017లో వచ్చిన 'ద లాస్ట్ జెడై' కోసం బ్రిటిష్ రాకుమారులు విలియం, హ్యారీ స్టార్మ్‌ట్రూపర్ కవచాలు తొడుక్కున్నారు. టామ్ హార్డీ కూడా తొడుక్కున్నాడు. ఎడిటింగ్‌లో ముగ్గురూ ఎగిరిపోయారు. నాకందులో దర్శకుడి మీద గౌరవమే కలిగింది. రాజవంశీకులైనా సరే, కథకు అక్కర్లేకపోతే కత్తెర పడాల్సిందే. 2019లో వచ్చిన 'ద రైజ్ ఆఫ్ స్కైవాకర్'లో గాయకుడు ఎడ్ షీరన్ ఉన్నాడు, స్వరకర్త జాన్ విలియమ్స్ ఉన్నాడు. విలియమ్స్ 1977 నుంచి ఈ కథలకు సంగీతమిస్తున్న మనిషి కాబట్టి ఆయన ముఖం ఓ క్షణం కనబడటం న్యాయమే. షీరన్ ఎందుకున్నాడంటే, అడిగాడు కాబట్టి అనుకోవాలి.

ఈ ఆచారం స్టార్ వార్స్‌తో పుట్టింది కాదు. నా దృష్టిలో దీన్ని అందరికంటే బాగా వాడుకున్న సినిమా 1978లో ఫిలిప్ కాఫ్‌మన్ తీసిన 'ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్'. అదే కథతో 1956లో డాన్ సీగల్ ఒక సినిమా తీశాడు. గ్రహాంతర బీజాలు మనుషుల్ని నిద్రలో కాజేసి, అచ్చం అలాగే ఉండే నకళ్లను వాళ్ల స్థానంలో పెడుతుంటాయి. సంగతి తెలిసిన డాక్టరు హైవే మీద కార్లకు అడ్డంపడి, తర్వాతి వంతు మీదేనని గొంతు చించుకుంటాడు. ఎవరూ వినరు. ఆ డాక్టరు కెవిన్ మెకార్తీ. ఇరవై రెండేళ్ల తర్వాత కాఫ్‌మన్ సినిమాలో, శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో డొనాల్డ్ సదర్లాండ్ కారుకు అడ్డంపడి, వాళ్లొచ్చేస్తున్నారని అరుస్తూ ఒక ముసలాయన పరుగెడతాడు. ఆయనా మెకార్తీయే. మరుక్షణం మలుపు దాటాక చచ్చి పడి ఉంటాడు, చుట్టూ నిర్వికారంగా నిలబడ్డ జనం. పాత సినిమా తెలియనివాడికి అతనొక పిచ్చివాడు, అంతే, కథ ఆగదు. తెలిసినవాడికి మాత్రం ఆ మనిషి ఇరవై రెండేళ్లుగా పరుగెడుతూనే ఉన్నాడనీ, ఇన్నాళ్లూ ఒక్కరూ వినలేదనీ ఒళ్లు జలదరిస్తుంది. పాత సినిమా ముగింపులో స్టూడియో బలవంతాన అతికించిన ఆశను ఒక్క వేటుతో తుడిచేశాడు కాఫ్‌మన్. అన్నట్టు ఆ పాత సినిమా దర్శకుడు సీగల్‌ను ఇందులో టాక్సీ డ్రైవరును చేశారు. అతణ్ని నమ్మొచ్చో లేదో చివరిదాకా చూస్తేగానీ తేలదు.

చార్ల్‌టన్ హెస్టన్ సంగతి ఇంకా చిత్రం. 1968 నాటి 'ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్'లో వానరుల గ్రహం మీద దిగి, చివరికి ఇసుకలో కూరుకుపోయిన స్వేచ్ఛా ప్రతిమ ముందు మోకాళ్ల మీద కూలబడి మానవజాతిని శపించిన వ్యోమగామి ఆయనే. 2001లో టిమ్ బర్టన్ ఆ సినిమాను మళ్లీ తీస్తూ, హెస్టన్‌ను ముసలి వానరంగా మార్చి మంచాన పడుకోబెట్టాడు. టైటిల్స్‌లో పేరు వెయ్యలేదు. రిక్ బేకర్ మేకప్ కింద ముఖం దొరకదు, ఆ గొంతు మాత్రం ఇట్టే దొరికిపోతుంది. చావుబతుకుల్లో ఉన్న ఆ తండ్రి వానరం కొడుకుతో ఒక కుండ పగలగొట్టిస్తుంది. లోపల తుపాకీ. మనిషి క్రూరత్వానికి ఇదే సాక్ష్యమని హెచ్చరించి, పాత సినిమాలో మనుషుల్ని తిట్టిన తిట్టే మళ్లీ తిట్టి కన్ను మూస్తుంది. అప్పటికి హెస్టన్ అమెరికా తుపాకీ హక్కుల సంఘం ఎన్ఆర్ఏకి అధ్యక్షుడు. తుపాకీ మీద జనానికి హక్కు ఉండాలని ఊరూరా తిరుగుతున్న మనిషి నోటితోనే ఆ హెచ్చరిక చెప్పించాడు బర్టన్. తెలిసే ఒప్పుకున్నాడా, తోటి నటుడిగా సరదాపడ్డాడా అన్నది పక్కన పెడితే, సినిమా మొత్తంలో పదునైన నిమిషాలు ఆ రెండే. మిగతాది మరచిపోదగ్గ సినిమా. స్పీల్‌బర్గ్ 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' (2005) చివర్లో తాతయ్యా అమ్మమ్మలుగా తలుపు దగ్గర నిలబడేది 1953 సినిమా నాయికానాయకులు ఆన్ రాబిన్సన్, జీన్ బారీ. మర్యాదైన నమస్కారం, అంతకుమించి అందులో ఏమీ లేదు.

స్టార్ ట్రెక్ దగ్గరికొస్తే గాలి మారుతుంది. అక్కడికొచ్చిన ఆశ్చర్యకరమైన అతిథుల్లో గుర్తుండిపోయినవాళ్లు నటులు కారు. 1993 జూన్‌లో 'ద నెక్స్ట్ జనరేషన్' ఆరో సీజన్ చివరి ఎపిసోడ్ పేకాటతో మొదలవుతుంది. డేటా అనే యంత్రమానవుడు హోలోడెక్‌లో న్యూటన్‌నీ ఐన్‌స్టీన్‌నీ సృష్టించి కూర్చోబెట్టాడు. వాళ్లిద్దరూ వేషాలు కట్టిన నటులే. నాలుగో ఆటగాడు స్టీఫెన్ హాకింగ్, అచ్చంగా ఆయనే. ఇన్ని దశాబ్దాల స్టార్ ట్రెక్‌లో తన పాత్రను తానే పోషించిన మనిషి ఆయనొక్కడే. తన పుస్తకం ఆధారంగా తీసిన డాక్యుమెంటరీ పని మీద పారమౌంట్ స్టూడియోకి వచ్చి, స్టార్ ట్రెక్ సెట్టు చూడాలని అడిగాడట. చూశాక, అందులో కూర్చోవాలని కూడా అనిపించింది. సెట్టులో కాంతివేగాన్ని మించి ఓడను నడిపే ఇంజను ముందు ఆగి, తాను ఆ పని మీదే ఉన్నానని చమత్కరించాడన్నది బాగా ప్రచారంలో ఉన్న సంగతి. ఆటలో ఐన్‌స్టీన్ లెక్క తప్పుతుంది, హాకింగ్ గెలుస్తాడు. రెండోసారి కాదు, పదోసారి చూసినా ఆయన కళ్లలో ఆ అల్లరి తగ్గదు.

మే జెమిసన్ రాక ఇంకో రకం. 1992 సెప్టెంబరులో ఎండెవర్ నౌకలో వెళ్లి, అంతరిక్షం చేరిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఆమె. చిన్నప్పుడు టీవీలో స్టార్ ట్రెక్ ఉహూరాగా నిషెల్ నికల్స్‌ను చూసి ఆ దారి పట్టానని చెప్పుకున్న మనిషి. నికల్స్ సొంత కథా తక్కువది కాదు. మొదటి సీజన్ తర్వాత ఆ వేషం వదిలేద్దామనుకుంటే, వదలొద్దని నచ్చజెప్పింది మార్టిన్ లూథర్ కింగ్. తర్వాత 1970ల చివర్లో ఆమె నాసా తరఫున తిరిగి మహిళలనూ నల్లజాతి యువతనూ వ్యోమగామి ఉద్యోగాలకు దరఖాస్తు చెయ్యమని ప్రోత్సహించింది. జెమిసన్‌కు స్టార్ ట్రెక్ అంటే ఇష్టమని తెలిసి, ఆ సిరీస్ నటుడు లెవార్ బర్టన్ తను దర్శకత్వం వహించిన ఎపిసోడ్‌లో (1993 మే) ఆమెకు లెఫ్టినెంట్ పామర్ అనే చిన్న వేషమిచ్చాడు. పలికింది నాలుగు ముక్కలే. ఆ రోజు సెట్టుకి నికల్స్ కూడా వచ్చింది. ఒక కల్పిత పాత్ర నిజమైన వ్యోమగామిని తయారుచేస్తే, ఆ వ్యోమగామి తిరిగి కల్పనలోకి వచ్చి నిలబడింది. ఇలాంటి రాకకు కథలో అవసరం ఉందా లేదా అని నేను అడగలేను. నా కొలబద్ద ఇక్కడ పనిచెయ్యదు. ఇక 1996లో 'వాయేజర్'లో ఒక మాటైనా లేకుండా కారిడార్లో కనబడే సైన్స్ ఆఫీసరు అప్పటి జోర్డాన్ రాకుమారుడు, ఇప్పటి రాజు అబ్దుల్లా. నటుల సంఘంలో సభ్యత్వం లేదు కాబట్టి డైలాగు ఇవ్వలేదు. రాజైనా యూనియన్ కార్డు ఉండాల్సిందే!

బ్రిటన్ వాళ్ల 'డాక్టర్ హూ'లో అతిథి రాక కథ నిర్మాణంలోనే ఇమిడి ఉంది. 1963లో మొదలైన ఈ సీరియల్‌లో నాయకుడు చచ్చినప్పుడల్లా కొత్త శరీరంతో లేస్తాడు, అంటే కొత్త నటుడు వస్తాడు. పాతవాళ్లు ఎప్పుడైనా తిరిగి రావచ్చు. అయినా ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ వెసులుబాటుతో సంబంధం లేని 1979 నాటి 'సిటీ ఆఫ్ డెత్'. డాక్టరు తన కాలయంత్రాన్ని, అంటే నీలిరంగు పోలీసు పెట్టెను, పారిస్‌లో ఒక ఆర్ట్ గ్యాలరీలో నిలిపి పోతాడు. జాన్ క్లీస్, ఎలనార్ బ్రాన్ కళాప్రియులుగా దాని ముందు నిలబడి, అదొక శిల్పమనుకుని గంభీరంగా విశ్లేషిస్తుంటారు. డాక్టరు బృందం పరుగెత్తుకొచ్చి లోపల దూరుతుంది, పెట్టె మాయమవుతుంది. ఆ మాయమవడం కూడా కళలో భాగమేనని ఇద్దరూ ముగ్ధులవుతారు. ఈ కథలో డగ్లస్ ఆడమ్స్ చెయ్యి ఉంది, ఆ హాస్యం చూస్తేనే తెలిసిపోతుంది. పోటీ చానల్ ఐటీవీ సమ్మెలో మూతపడ్డ రోజులవి. ఆ ఎపిసోడ్‌ను కోటీ అరవై లక్షల మంది చూశారు. క్లీస్ ఎవరో తెలియని పిల్లవాడు కూడా అక్కడ నవ్వుతాడు.

టామ్ బేకర్ కథకు ఓపిక కావాలి. 1974 నుంచి 1981 దాకా, అందరికంటే ఎక్కువ కాలం డాక్టరుగా ఉన్నవాడు. ఆ పొడుగాటి మఫ్లరు ఆయనదే. 1983లో ఇరవయ్యో వార్షికోత్సవానికి డాక్టర్లందర్నీ కలిపితే, ఈయన రానన్నాడు. చేసేదిలేక ప్రసారం కాకుండా మిగిలిపోయిన పాత ఫుటేజీ ముక్కలతో సర్దుకున్నారు. ముప్పై ఏళ్లు గడిచాయి. 2013 నవంబరు 23న యాభయ్యో ఏటి ప్రత్యేక ఎపిసోడ్ 94 దేశాల్లో ఒకేసారి ప్రసారమైంది. చివర్లో డాక్టరు (మ్యాట్ స్మిత్) నేషనల్ గ్యాలరీలో ఒక చిత్రపటం ముందు ఒంటరిగా కూర్చుని, తను పెద్దయ్యాక ఇక్కడ క్యురేటరుగా ఉంటే బాగుండునని అనుకుంటుంటే, వెనకనుంచి ఒక గొంతు వినబడుతుంది. చేతికర్రతో 79 ఏళ్ల టామ్ బేకర్. ఆ క్యురేటర్ ఎవరన్నది తేల్చి చెప్పరు. పాత ముఖాల్లో ఇష్టమైనవాటి దగ్గరికి మళ్లీ వెళ్తుండవచ్చునని ఒక సూచన వదులుతారు. ఇంత జాగ్రత్తగా దాచిన రహస్యాన్ని ప్రసారానికి కొద్దిరోజుల ముందు ఓ ఇంటర్వ్యూలో బేకరే నోరుజారి బయటపెట్టేశాడు. నష్టమేమీ జరగలేదు. తెలిసి చూసినవాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. 2022లో ఇంకొక పెద్దాయన వచ్చాడు: 1963లో తొలి ఎపిసోడ్ నుంచి ఇయాన్ మాస్టారుగా నటించి, 1965లో వెళ్లిపోయిన విలియం రస్సెల్. 57 ఏళ్ల తర్వాత అదే పాత్రలో కూర్చుని, డాక్టరు ఇప్పుడు స్త్రీ అని తెలిసి తెల్లబోయే రెండు క్షణాలు ఆయనవి. 2024లో ఆయన కన్ను మూశాడు.

ఇలా దాచడం చిన్న పనేమీ కాదు. స్టార్ వార్స్‌కి ఇందులో పాత అనుభవం ఉంది. 1980 నాటి సినిమాలో ప్రతినాయకుడు డార్త్ వేడర్ తనే నాయకుడు ల్యూక్ తండ్రినని చెప్పే చోట, సెట్టు మీద వేడర్ కవచంలో ఉన్న డేవిడ్ ప్రౌజ్‌కి వేరే డైలాగు ఇచ్చారు. నిజమైన మాట తర్వాత డబ్బింగ్‌లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ పలికాడు. నలభై ఏళ్ల తర్వాత 'ద మాండలోరియన్' రెండో సీజన్ ముగింపులో ల్యూక్ రాకను దాచడానికి స్క్రిప్టుల్లో, బొమ్మల్లో అతని స్థానంలో ప్లో కూన్ అనే వేరే జెడైని పెట్టారు. 'డ్యూన్: పార్ట్ టూ' (2024)లో ఆన్యా టేలర్-జాయ్ ఒక స్వప్నంలో కొన్ని క్షణాలు కనిపించడానికి నమీబియా ఎడారికి వెళ్లింది, లండన్ ప్రీమియర్‌కి ఆమె వచ్చి నిలబడేదాకా సంగతి గుట్టుగానే ఉంది. 'డెడ్‌పూల్ 2' (2018)లో మాయావిగా పేరున్న ఒక పాత్ర సినిమా అంతా కంటికి కనబడదు. పారాచూట్‌తో దిగుతూ కరెంటు తీగలకు తగులుకుని చచ్చే అరక్షణం మాత్రం ముఖం మెరుస్తుంది. ఆ ముఖం బ్రాడ్ పిట్‌ది. పారితోషికం యూనియన్ కనీస వేతనం, దానికితోడు ర్యాన్ రేనాల్డ్స్ చేతుల మీదుగా ఒక కాఫీ అని రచయితలు చెప్పారు. 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' (2021) ముందు ఆండ్రూ గార్ఫీల్డ్ నెలల తరబడి లేదు లేదంటూ వచ్చాడు. ఎవరూ నమ్మలేదు, అయినా అతను తెరమీదికి వచ్చినప్పుడు హాళ్లు దద్దరిల్లాయి. తెలుగులో డబ్ అయిన చోట్ల కూడా. పడిపోతున్న అమ్మాయిని అతను గాల్లో పట్టుకునే క్షణంలో, 2014 సినిమాలో పట్టుకోలేకపోయిన ఇంకో అమ్మాయి గుర్తొస్తుంది. నా లెక్కలో ఆ సినిమాలో మళ్లీ చూడదగ్గ చోటు అదే.

రావడానికి ఒప్పుకోలేని అతిథుల దగ్గర నాకు చిక్కు మొదలవుతుంది. 'రోగ్ వన్' (2016)లో గవర్నర్ టార్కిన్‌గా పీటర్ కుషింగ్ కనబడతాడు. ఆయన 1994లోనే పోయాడు. గై హెన్రీ అనే నటుడు అభినయిస్తే, కంప్యూటర్లో కుషింగ్ ముఖం తొడిగారు. మొదటిసారి చూసినప్పుడు అబ్బురంగా ఉంటుంది. రెండోసారి చూపు కళ్ల మీదికి పోతుంది, పెదవుల మీదికి పోతుంది, కథ వినబడదు. 'ఏలియన్: రోములస్' (2024)లో 2020లో పోయిన ఇయాన్ హోమ్ ముఖంతో సగం తెగిన ఆండ్రాయిడ్‌ను చూపించారు. కుటుంబం అనుమతి తీసుకున్నారు, అది మంచిదే. కానీ ముఖం కుదరక, సినిమా ఇళ్లకు చేరేటప్పటికి దాన్ని మళ్లీ సవరించాల్సి వచ్చింది. హాల్లో డబ్బిచ్చి చూసినవాళ్లకు చిత్తుప్రతి, ఇంట్లో చూసినవాళ్లకు సాపుప్రతి. 2020లో మాండలోరియన్ ల్యూక్ విషయంలోనూ ముఖం సరిగ్గా రాలేదని యూట్యూబ్‌లో ఒక కుర్రాడు తన కంప్యూటర్లో ఇంకా మెరుగ్గా చేసి పెట్టాడు. మాండలోరియన్ తీసిన స్టూడియో అతనికి ఉద్యోగమిచ్చేసింది! ల్యూక్‌గా వేసిన మార్క్ హామిల్ బతికే ఉన్నాడు, ఒప్పుకునే చేశాడు. పోయినవాళ్ల తరఫున ఎవరు ఒప్పుకుంటారు? 2023లో హాలీవుడ్ నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసినప్పుడు డిజిటల్ నకళ్లకు సమ్మతి ఉండాలన్నది ముఖ్యమైన కోరికల్లో ఒకటి. మరుసటి ఏడాది కాలిఫోర్నియా మరణించిన కళాకారుల నకళ్లకు వారసుల అనుమతి తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది.

ఇక్కడ ఒక చిన్న మినహాయింపు ఒప్పుకోవాలి. క్రెయిగ్ ఉన్న 'ఫోర్స్ అవేకెన్స్'లోనే ఇంకో రహస్య అతిథి ఉన్నాడు, 2000లో పోయిన పాత స్టార్ వార్స్ సినిమాల నటుడు అలెక్ గిన్నిస్. రే ఒక స్వప్నంలో ఉండగా ఆమె పేరు పిలిచే గొంతు ఆయనదే. పాత రికార్డింగులో ఆయన పలికిన 'అఫ్రెయిడ్' అనే మాటలోంచి 'రే' అనే శబ్దాన్ని కోసి, ఆ పిలుపు తయారుచేశారు. వెంటనే, తర్వాతి సినిమాల్లో గిన్నిస్ పాత్రనే వేసిన యూవన్ మెక్‌గ్రెగర్ కొత్తగా పలికిన మాటలు అందుకుంటాయి. పోయిన నటుడి చేత కొత్తగా ఏమీ అనిపించలేదు, ఏ ముఖమూ తొడగలేదు, ఆయన నిజంగా పలికిన శబ్దమే అది. అందుకేనేమో, తెలిశాక ఇబ్బందిగా అనిపించదు. ఈ కథలు తన జీవితాన్ని కమ్మేశాయని బతికుండగా విసుక్కున్న గిన్నిస్ దీనికేమనేవాడో మాత్రం ఊహించగలను.

మనవైపు ఈ ప్రశ్న 2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ'తో ఒక్కసారిగా మీద పడింది. అతిథి పాత్ర మనకు కొత్త కాదు. కానీ ఒకే సైన్స్ ఫిక్షన్ సినిమాలో ఇందరిని దాచి ఒక్కొక్కరినీ బయటికి తియ్యడం కొత్త. రామ్‌గోపాల్ వర్మ, రాజమౌళి, దుల్కర్ సల్మాన్, మృణాల్ ఠాకూర్, అనుదీప్, ఫరియా అబ్దుల్లా, విజయ్ దేవరకొండ. జాబితా చూస్తే సంత అనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే దర్శకుడు నాగ్ అశ్విన్ ఇంటి ఆల్బమ్ అని తెలుస్తుంది. దేవరకొండను, మాళవికా నాయర్‌ను 2015లో తన మొదటి సినిమా 'ఎవడే సుబ్రమణ్యం'లో చూపించింది ఆయనే. దుల్కర్ 'మహానటి' జెమినీ గణేశన్. అనుదీప్, ఫరియా ఆయనే నిర్మించిన 'జాతిరత్నాలు' మనుషులు. బుజ్జి అనే కారుకి గొంతిచ్చింది 'మహానటి' కీర్తి సురేశ్. అభిమానం బాగానే ఉంది. కానీ కాశీలో కథ ఊపందుకోవాల్సిన మొదటి సగంలో ఒక్కో ముఖానికీ ఈల కోసం ఆగడంతో నడక కుంటుపడింది. వర్మ కనబడినప్పుడు హాలు నవ్విన నవ్వుకి భవిష్యత్ కాశీతో ఏ సంబంధమూ లేదు. అది మన ఫిల్మ్‌నగర్ నవ్వు. 'బాహుబలి' తీసినవాడూ చేసినవాడూ ఎదురుపడితే కలిగే సరదా మొదటి ఆటతో తీరిపోతుంది.

అయితే అదే సినిమాలో రెండు నిర్ణయాలు నిలబడ్డాయి. ఉత్తరగా మాళవిక కనబడేది కాసేపే. కడుపులో బిడ్డను చంపబోయిన అశ్వత్థామ, వేల ఏళ్ల తర్వాత ఇంకో తల్లి కడుపుకు కాపలా కాయాల్సిన కథకు ఆ ముఖం పునాది. అక్కడ ఆమె ఎంత పెద్ద తార అన్న ఆలోచన రాదు. రెండోది కృష్ణుడు. ఏ అగ్రతారను పెట్టినా హాలు కూలిపోయే చోట, ముఖమే చూపించకుండా నీడలో ఉంచేశాడు నాగ్ అశ్విన్. ఎన్టీఆర్ ముఖాన్నే కృష్ణుడిగా గుండెల్లో పెట్టుకున్న ప్రేక్షకుల ముందు ఇది తెలివైన పని, ధైర్యమైన పని కూడా. అన్ని ముఖాలు గుమ్మరించిన సినిమాలో బలంగా నాటుకున్నది కనబడని ముఖం.

మళ్లీ మాండలోరియన్‌కు వస్తాను. 2023 నాటి మూడో సీజన్ ఒక్కటి చూస్తే ఈ మొత్తం వ్యవహారం మంచీ చెడూ రెండూ దొరుకుతాయి. ఆరో ఎపిసోడ్‌లో గాయని లిజో, జాక్ బ్లాక్ రాజదంపతులుగా, 'బ్యాక్ టు ద ఫ్యూచర్' క్రిస్టఫర్ లాయిడ్ వాళ్ల భద్రతాధికారిగా ప్రత్యక్షమవుతారు. ముగ్గురూ సరదా మనుషులే. వాళ్లు ఉన్నంతసేపూ ఆ గ్రహం గ్రహంలా ఉండదు, టీవీ టాక్‌షో సెట్టులా ఉంటుంది. రెండు వారాల ముందు వచ్చిన నాలుగో ఎపిసోడ్‌లో, జెడైలను ఊచకోత కోస్తున్న రాత్రి, చిన్నారి గ్రోగును కాపాడటానికి లిఫ్టు తలుపులు తెరుచుకుని ఒక జెడై వస్తాడు. రెండు చేతుల్లో రెండు కాంతిఖడ్గాలు. ఆ నటుడు అహ్మద్ బెస్ట్. 1999లో 'ద ఫాంటమ్ మెనేస్'లో జార్ జార్ బింక్స్ అనే డిజిటల్ జీవిని పోషించి, ఆ జీవి మీద ప్రపంచం కక్కిన విషమంతా మోసినవాడు. ఆ రోజుల్లో ప్రాణం తీసుకోవాలనుకున్నానని 2018లో బయటికి చెప్పాడు. ఇరవై నాలుగేళ్లకు అదే లోకంలోకి సొంత ముఖంతో, అందరికీ ముద్దొచ్చే బిడ్డను ఎత్తుకుని వచ్చాడు. అతనెవరో తెలియనివాళ్లకు అదొక ఉత్కంఠభరితమైన వెంటాట. తెలిసినవాళ్లకు ఒక పరిశ్రమ తన మనిషికి ఆలస్యంగా చెల్లించిన బాకీ. నాకు తెలిసిన ఆకస్మిక అతిథుల్లో మొదటి స్థానం ఎవరికిస్తావంటే మెకార్తీకీ బెస్ట్‌కీ మధ్య తేల్చుకోలేను. క్రెయిగ్‌ను మూడో స్థానానికి తొయ్యడానికి మనసొప్పదు గానీ, తోస్తాను.

ఒక కేసులో మాత్రం తీర్పు వాయిదా వెయ్యక తప్పదు. 2025 మే 31న డాక్టర్ హూ సీజన్ చివర్లో ఎన్‌కుటి గట్వా పోషించిన డాక్టరు కాంతిలో కరిగిపోయి, ఆ స్థానంలో బిల్లీ పైపర్ నిలబడింది. 2005లో ఈ సీరియల్‌ను బతికించిన రోజుల్లో డాక్టరు ప్రియసఖి రోజ్‌గా నటించిన ఆమే. బీబీసీ ముందుగా ఏమీ చెప్పలేదు. బ్రిటన్‌లో ఇళ్లల్లో జనం సోఫాల్లోంచి లేచి నిలబడే ఉంటారు. టైటిల్స్ చూస్తే 'పరిచయం: బిల్లీ పైపర్' అని ఉంది, డాక్టరుగా అని లేదు. ఆమె డాక్టరా, రోజా, ఇంకెవరన్నా అన్నది బీబీసీ తేల్చలేదు. తర్వాత డిస్నీ భాగస్వామ్యం నుంచి తప్పుకుంది. 2026 క్రిస్మస్‌కు రస్సెల్ టి. డేవిస్ రాసే ప్రత్యేక ఎపిసోడ్ ఉంటుందని బీబీసీ ప్రకటించింది. తర్వాతి కథ ఏమిటో రాయకుండానే ముందు ముఖాన్ని ప్రవేశపెట్టారని నా అనుమానం. అదే నిజమైతే, ఆ చిరునవ్వుకి అర్థమేమిటో డేవిస్ ఇప్పుడు కూర్చుని కనిపెట్టుకోవాలి.